కలరా ఉండలూ, కెమికల్ ఫ్రీ భక్తులూ

మొన్నామధ్య మా టీములో ఒకాయన గృహప్రవేశానికి వెళ్ళాం. గచ్చిబౌలి దాటాక ఎక్కడో పదహారో అంతస్తు. వచ్చేటప్పుడు అందరికీ తలా ఒక గోనెగుడ్డ సంచి చేతిలో పెట్టారు. అందులో వేప సబ్బు, కుంకుడుకాయ పొడి, వెదురు పుల్లతో చేసిన టూత్‌బ్రష్షు. సంచి మీద ఆకుపచ్చ అక్షరాలతో "100% కెమికల్ ఫ్రీ". భోజనాల దగ్గర కూడా అదే చర్చ. ప్లాస్టిక్ డబ్బాలు, మైక్రోవేవు, టూత్‌పేస్టులో ఫ్లోరైడు, షాంపూలో ఏదో సల్ఫేటు. ఒక్కొక్కరూ ఒక్కో వాట్సాప్ శాస్త్రవేత్త. సరే, మంచిదే, కనీసం ఆలోచిస్తున్నారు కదా అనుకుంటూ చేతులు కడుక్కుందామని వాష్ బేసిన్ దగ్గరికి వెళ్ళాను. జాలీ మీద తెల్లగా, నున్నగా, గుండ్రంగా నాలుగు కలరా ఉండలు!

నాకు ఒళ్ళు మండింది. ఎందుకు మండిందో చెప్పడానికే ఈ టపా. కాస్త పెద్దది, ఓపిక చేసుకుని చదవండి.

ముందు మా ఇంటి సంగతి. మా అక్క పురిటికి తెనాలి, అంటే మా పుట్టింటికి వచ్చింది. పిల్లాడు నెలలు నిండాకే పుట్టాడు, మూడు కిలోలు, ఏ గొడవా లేదు. నాలుగో రోజున ఇంటికి తెచ్చారు. పసిపిల్లలకి కొత్తబట్టలు గుచ్చుకుంటాయి, పాత నూలు చీరలైతే మెత్తగా ఉంటాయి అని మా అమ్మ అటక మీద ట్రంకుపెట్టె దింపింది. అందులో మా అమ్మమ్మ చీరలు ఎన్నేళ్ళుగానో దాచి ఉన్నాయి. మడత మడతకీ మధ్య కలరా ఉండలు. కొన్ని కరిగి కందిగింజంత అయ్యాయి, కొన్ని మొన్న సంక్రాంతికి వేసినవి. అమ్మ చీరలు దులిపి, చింపి, పొత్తిగుడ్డలు చేసింది. వాసన వస్తోందని అక్క అంటే, "వాసన వస్తే మంచిదేనే, పురుగూ పుట్రా దగ్గరికి రావు" అంది. రోజూ పొద్దున్నే పిల్లాడికి ఒళ్ళంతా నూనె రాసి, కాళ్ళ మీద పడుకోబెట్టుకుని నీళ్ళు పోసి, సాంబ్రాణి వేసి, ఆ గుడ్డల్లోనే చుట్టేవారు.

ఎనిమిదో రోజు రాత్రి పిల్లాడు పాలు తాగడం మానేశాడు. అరికాళ్ళు, అరచేతులు కూడా పసుపుపచ్చ. తడిపిన గుడ్డ మీద పల్చటి కాఫీ డికాక్షన్ రంగు మరక. ఆ రాత్రే కారులో గుంటూరు తీసుకెళ్ళారు. నేను హైదరాబాదు నుంచి తెల్లారేసరికి చేరుకున్నాను. బిలిరుబిన్ 24, హిమోగ్లోబిన్ తొమ్మిది. నీలం లైటు కింద, కళ్ళకి గంతలు కట్టి పడుకోబెట్టారు. "ఇంకా పెరిగితే మెదడుకి ఎక్కుతుంది, రక్తం మార్చాలి" అన్నారు. మార్చారు కూడా. పదిరోజులు కూడా నిండని పిల్లాడి ఒంట్లోంచి కాస్త కాస్తగా రక్తం తీస్తూ, వేరేవాళ్ళ రక్తం ఎక్కిస్తూ ఉంటే గాజు తలుపు బయట నిలబడి చూశాను. అది వర్ణించే ఓపిక నాకు లేదు.

ఆ డాక్టరుగారు అడిగిన ప్రశ్నల్లో ఒకటి నాకు చచ్చేదాకా గుర్తుంటుంది. "అమ్మా, పిల్లాడి బట్టలు బీరువాలో కలరా ఉండలు వేసి పెట్టినవా?"

మా అమ్మ ముఖం చూడాల్సింది. చూడకుండా ఉంటేనే బాగుండేది.

అసలు జరిగిందేంటంటే, మన ఎర్రరక్తకణాల్లో జీ6పీడీ అనే ఎంజైము ఒకటి ఉంటుంది. రక్తకణం ఆక్సిడేషన్ దెబ్బ తినకుండా కాపాడే యంత్రాంగం దాని మీద ఆధారపడి నడుస్తుంది. ప్రపంచంలో సుమారు 40 కోట్ల మందికి అది తక్కువగా ఉంటుందని అంచనా. మామూలు రోజుల్లో ఏ లక్షణమూ ఉండదు. మన భాషలో చెప్పాలంటే, ఎక్సెప్షన్ హ్యాండ్లర్ రాయని ప్రోగ్రాం లాంటిది. తప్పుడు ఇన్‌పుట్ వచ్చేదాకా బ్రహ్మాండంగా నడుస్తుంది. కొన్ని మలేరియా మందులు అలాంటి ఇన్‌పుట్. నాఫ్తలీన్ కూడా. నాఫ్తలీన్ ఒంట్లోకి వెళ్ళాక కాలేయం దాన్ని మార్చే క్రమంలో పుట్టే పదార్థాలు రక్తకణాల మీద పడతాయి. రక్షణ లేని కణాలు టపటపా పగిలిపోతాయి. పగిలిన కణాల్లోంచి వచ్చే చెత్తే బిలిరుబిన్. పెద్దవాళ్ళ కాలేయం దాన్ని బయటికి పంపగలదు, వారం రోజుల పిల్లాడి కాలేయానికి ఆ చేవ ఉండదు. అది మెదడులో చేరితే వినికిడి పోవచ్చు, కాళ్ళూ చేతులూ వంకర్లు పోవచ్చు, ప్రాణమే పోవచ్చు. పైగా నూనె రాసిన ఒంట్లోకి నాఫ్తలీన్ ఇంకా తేలిగ్గా ఇంకుతుంది. మనమేమో నూనె రాసి మరీ చుడతాం.

ఇదేమీ నిన్నా మొన్నా కనిపెట్టిన సంగతి కాదు. కలరా ఉండల దగ్గర దాచిన గుడ్డలు కట్టిన పసిపిల్లలకి రక్తం ఇలా విరిగిపోయిన కేసులు 1950ల నాటి వైద్యపత్రికల్లోనే ఉన్నాయి. క్యాన్సర్ మీద పరిశోధించే అంతర్జాతీయ సంస్థ ఐఏఆర్‌సీ 2002లో నాఫ్తలీన్‌ని "మనుషుల్లో క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్నవి" అనే 2బీ వర్గంలో పెట్టింది. యూరోపియన్ యూనియన్ 2008లో నాఫ్తలీన్ ఉండల అమ్మకమే ఆపేసింది. సింగపూరులో 1965 నుంచీ పుట్టిన ప్రతి బిడ్డకీ బొడ్డుతాడు రక్తంతో జీ6పీడీ పరీక్ష చేస్తున్నారు. అక్కడున్న మన తెలుగువాళ్ళ పిల్లలకి కూడా చేస్తారు. ఈ లోపం ఎక్కువగా ఉన్న జనాభాల్లో పుట్టిన పిల్లలందరికీ ఈ పరీక్ష చెయ్యమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1989లోనే చెప్పింది. మా మేనల్లుడికి మాత్రం రక్తం మార్చాకే ఆ పరీక్ష చేశారు. రక్తం విరుగుతున్నప్పుడు ఆ పరీక్ష తప్పు చెప్పొచ్చని మూడు నెలలకి మళ్ళీ చేసి ఖాయపరిచారు.

ఇక ఆ ఉండల ప్యాకెట్టు. తర్వాత ఊరెళ్ళినప్పుడు తీసి చూశాను. గులాబీ పువ్వు బొమ్మ, కంపెనీ పేరు, ధర. మూలన చీమంత అక్షరాలతో, ఇంగ్లీషులో, పిల్లలకి దూరంగా ఉంచమని. పసిపిల్లల బట్టల్లో వెయ్యకండి అనే ముక్క తెలుగులో కాదు కదా, ఏ భాషలోనూ లేదు. మా అమ్మ ఆ హెచ్చరిక పాటించింది కూడానండీ. ఉండలన్నీ ఏరి, పిల్లాడికి అందకుండా అటక మీదే పెట్టింది. గుడ్డలకి పట్టిన సంగతి ఆవిడకెవరు చెప్పాలి?

సరే, ఆవిడ పదో తరగతి దాకా చదివింది. మరి మనమో? ఎంసెట్‌లో కెమిస్ట్రీ నలభై మార్కులకి రాసొచ్చినవాళ్ళం. "ఘనపదార్థం ద్రవంగా మారకుండా నేరుగా వాయువుగా మారడాన్ని ఉత్పతనం అంటారు. ఉదా: కర్పూరం, నాఫ్తలీన్". రెండు మార్కుల ప్రశ్న. కళ్ళు మూసుకుని రాశాం, రెండు మార్కులూ వేసుకున్నాం. బీరువా తెరిచినప్పుడు సంక్రాంతికి గోలీకాయంత ఉన్న ఉండ దసరాకి కందిగింజంత అయితే మిగతాది ఎక్కడికి పోయిందని ఒక్కరమైనా అడిగామా? ఎక్కడికీ పోలేదు. బట్టల్లోకి, గదిలోకి, మన ఊపిరితిత్తుల్లోకి పోయింది. మనకి "శుభ్రమైన వాసన" అనిపించేది అదే.

ఇప్పుడు నా ఒళ్ళు మంట ఎవరి మీదో చెప్తాను. మా అమ్మ మీద కాదు. ఈ "కెమికల్ ఫ్రీ" మతం మీద.

అసలు కెమికల్ ఫ్రీ అనేది ఏమిటండీ? నీళ్ళు కెమికలే. కుంకుడు రసంలో నురుగొచ్చే సాపోనిన్ కెమికలే. వేపనూనె కెమికలే. పసుపులో సున్నం కలిపితే ఎర్రటి కుంకుమ అవుతుంది, అది కూడా కెమికల్ రియాక్షనే. ఇంజనీరింగు చదివినవాడు ఆ మాట అంటున్నాడంటే, "మా సాఫ్ట్‌వేర్ కోడ్ ఫ్రీ" అన్నట్టు. అడగాల్సిన ప్రశ్నలు వేరే ఉన్నాయి. ఏ పదార్థం, ఎంత, ఏ దారిన లోపలికి వెళ్తోంది, ఎవరి ఒంట్లోకి? ఈ నాలుగూ అడక్కుండా ఆకుపచ్చ సంచి కొనుక్కుంటే మనకి దక్కేది మనశ్శాంతి ఒక్కటే. అసలు ప్రమాదం వాష్ బేసిన్‌లో చల్లగా కూర్చునే ఉంటుంది.

ఎందుకంటే మన ఇళ్ళల్లో నిజంగా హాని చేసేవి చాలావరకూ కొత్తవి కావు. పాతవి, చవకవి, అలవాటైనవి. చిన్నప్పటి నుంచీ చూస్తున్నాం కాబట్టి అవి మనకి "కెమికల్స్" లాగా కనపడవు.

దోమల చుట్ట సంగతి చూడండి. 2003లో ఎన్విరాన్‌మెంటల్ హెల్త్ పర్‌స్పెక్టివ్స్ అనే పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. చైనా, మలేషియా మార్కెట్లలో దొరికే కాయిల్స్‌ని కాల్చి కొలిచారు. ఒక్క కాయిల్ నుంచి వచ్చే పీఎం 2.5 సన్నటి ధూళి 75 నుంచి 137 సిగరెట్ల ధూళికి సమానం. ఫార్మాల్డిహైడ్ అయితే 51 సిగరెట్లకి సమానమయ్యేంత దాకా. ఇంట్లో ఎవరైనా ఒక్క సిగరెట్టు వెలిగిస్తే "పిల్లలున్నారు, బయటికి పో" అని తరిమే మనం, తలుపులు వేసి, పిల్లల మంచం కిందే కాయిల్ వెలిగించి, గుడ్‌నైట్ చెప్పి పడుకుంటాం.

ఇక్కడ గమనించాల్సిన తమాషా ఒకటుంది. కాయిల్‌లో దోమల్ని చంపే మందు చాలా కొద్దిగా ఉంటుంది. మిగతాదంతా రంపపు పొట్టు, కొబ్బరిచిప్పల పొడి లాంటి "సహజ" పదార్థాలే. పైన చెప్పిన ధూళంతా అవి కాలడం వల్ల వచ్చేదే. కాబట్టి "హెర్బల్ కాయిల్", "వేప కాయిల్" అని కొనుక్కుంటే ఒరిగేదేమీ లేదు. వేప కాలినా పొగే, రంపపు పొట్టు కాలినా పొగే. సాంబ్రాణి కూడా అంతే. దేవుడి గదిలో రెండు నిమిషాల ధూపం గురించి నేనేమీ అనను. తలుపులేసిన పురిటిగదిలో, పది రోజుల పిల్లాడి తల కింద ధూపం గురించి మాత్రం అంటాను.

దోమల అగరొత్తులు ఇంకో కథ. మన దేశంలో ఇళ్ళల్లో వాడే పురుగుమందులకి కూడా 1968 నాటి పురుగుమందుల చట్టం వర్తిస్తుంది. కేంద్రం దగ్గర రిజిస్ట్రేషన్ ఉండాలి, ఆ నంబరు ప్యాకెట్టు మీద ఉండాలి. డైమండ్ ఆకారంలో ఒక గుర్తు కూడా ఉంటుంది. ఎరుపు ఉంటే అత్యంత విషపూరితం, తర్వాత పసుపు, నీలం, చివరికి ఆకుపచ్చ. ఇకనుంచి కొనేముందు తిప్పి చూడండి. కిరాణా కొట్లో వేలాడే చాలా దోమల అగరొత్తుల ప్యాకెట్ల మీద నాకు ఏ నంబరూ కనపడలేదు. లోపల ఏ మందుందో, ఎంత ఉందో ఎవరికీ తెలియదు. సంతకం లేని ఎగ్జిక్యూటబుల్ ఫైలుని ఆఫీసు లాప్‌టాప్‌లో ఇన్‌స్టాల్ చేస్తామా? చెయ్యం, ఐటీ డిపార్ట్‌మెంటు తాట తీస్తుంది. పిల్లలు పడుకునే గదిలో మాత్రం వెలిగిస్తాం.

తర్వాత బాత్రూమ్ యాసిడ్. ఇది చెప్పడానికి నాకే సిగ్గుగా ఉంది, ఎందుకంటే ఇందులో తప్పు నాదే. నేనుండే ఫ్లాటులో పనికొచ్చే ఆవిడ ఒకరోజు బాత్రూములోంచి దగ్గుకుంటూ, కళ్ళు తుడుచుకుంటూ బయటికొచ్చింది. నేల మీద బ్లీచింగ్ పౌడర్ చల్లి, మరకలు పోలేదని దాని మీదే యాసిడ్ పోసింది. ఆ రెండూ కలిస్తే వచ్చేది క్లోరిన్ వాయువు. 1915లో ఈప్ర యుద్ధరంగంలో సైనికుల మీదికి వదిలింది అదే. మన బాత్రూము ఎంత, మూడు చదరపు మీటర్లు ఉంటుందేమో. ఎగ్జాస్ట్ ఫ్యాను పాడై ఆర్నెల్లయింది, నేను పట్టించుకోలేదు. రెండు సీసాలూ కొనుక్కొచ్చి పక్కపక్కన పెట్టింది నేను. చేతులకి తొడుగులు కొనాలన్న ఆలోచన కూడా రాలేదు. "రెండూ కలపకూడదని తెలీదా" అని ఆవిడనే అడిగాను చూడండి, ఆ మాటకి ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది. ఆవిడ మెల్లగా, "మీరు తెచ్చారు కదా బాబూ, మంచివే అనుకున్నాను" అంది.

నా అసలు ఫిర్యాదు ఇదే. కెమికల్ ఫ్రీ జీవితం అనేది మనం మన చర్మానికి కొనుక్కునే వస్తువైపోయింది. ఒంటికి రాసుకునేది ఆరొందల రూపాయల ఆర్గానిక్ సబ్బు, బాత్రూము కడగడానికి ముప్పై రూపాయల యాసిడ్. సబ్బు మనం వాడతాం, యాసిడ్ ఆవిడ వాడుతుంది. ఇంట్లో ప్రమాదం తగ్గలేదు, మన చేతుల నుంచి ఆవిడ చేతుల్లోకి మారిందంతే.

ఇంకోటి సీసం. దీనికైతే వాసన లేదు, రుచి లేదు, వెంటనే దగ్గు కూడా రాదు. 2017లో అమెరికాలోని రట్గర్స్ విశ్వవిద్యాలయం వాళ్ళు న్యూజెర్సీలోనూ, ఇండియాలోనూ కొన్న 118 సిందూరం నమూనాలు పరీక్షించారు. సుమారు 80 శాతంలో సీసం దొరికింది. కొన్ని నమూనాల్లో అమెరికా ప్రభుత్వం సౌందర్య సాధనాల రంగులకి పెట్టిన పరిమితికి మించి ఉంది. ఆ న్యూజెర్సీ కొట్లలో సరుకులు కొనేవాళ్ళలో మనవాళ్ళూ బోలెడుమంది. కొన్ని రకాల కాటుకలో, సుర్మాలో సీసం ఉంటుందని అమెరికా ఎఫ్‌డీఏ ఏళ్ళ తరబడి మొత్తుకుంటోంది. మనం పసిపిల్లలకి కంట్లో కూడా పెడతాం. 2025 ఆగస్టులో అదే ఎఫ్‌డీఏ, దిగుమతైన కొన్ని అల్యూమినియం, ఇత్తడి, హిండాలియం గిన్నెల్లోంచి వంటలోకి సీసం దిగుతోందని హెచ్చరించింది. అమ్మ ప్యాక్ చేసిచ్చిన ఇండాలియం గిన్నెలో సియాటిల్‌లో పప్పుచారు కాచుకునే తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఇది మీకు కూడా. గిన్నెలన్నీ అలాంటివని కాదు. ఏది అలాంటిదో కంటితో చూసి చెప్పలేం, చిక్కంతా అక్కడే ఉంది.

2020లో యూనిసెఫ్, ప్యూర్ ఎర్త్ కలిసి వేసిన లెక్క ప్రకారం మన దేశంలో సుమారు 27.5 కోట్ల మంది పిల్లల రక్తంలో సీసం డెసిలీటరుకి 5 మైక్రోగ్రాములు, లేదా అంతకన్నా ఎక్కువ ఉంది. సీసం పిల్లల తెలివితేటల్ని తినేస్తుంది, పోయింది తిరిగి రాదు. మనమేమో పిల్లల్ని ఎల్కేజీలోనే ఒలింపియాడ్ కోచింగుకి పంపిస్తాం.

మరి ఎవరు ఆపాలి? సీసం ఎలా తగ్గిందో చూస్తే సమాధానం దొరుకుతుంది. 2000లో దేశమంతటా సీసం కలిపిన పెట్రోలు ఆగిపోయింది. ఎవరో కొందరు తెలివైనవాళ్ళు "లెడ్ ఫ్రీ ఆర్గానిక్ పెట్రోల్" ఎక్కువ డబ్బిచ్చి కొనుక్కుంటే ఆగలేదు. చట్టం ఆపింది. ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం దాటకూడదని 2016లో నిబంధన తెచ్చారు, 2017 నవంబరు నుంచి అమల్లోకి వచ్చింది. బంగ్లాదేశ్‌లో పసుపుకి రంగు రావాలని లెడ్ క్రోమేట్ కలిపేవారు. 2019లో పరిశోధకులు అది బయటపెట్టారు. ప్రభుత్వం టోకు మార్కెట్ల మీద పడింది, జరిమానాలు వేసింది, జనానికి చెప్పింది. మార్కెట్లో తీసిన నమూనాల్లో కల్తీవి 2019లో 47 శాతం ఉంటే, 2021కి సున్నా. రెండేళ్ళు! ధనవంతులకి ఒక పసుపు, పేదవాళ్ళకి ఒక పసుపు అని కాకుండా, అందరి కూరలోంచీ సీసం పోయింది.

ఆ సంచి మీద నాకున్న కోపం ఇదీ. అది సమస్యని "నీ కొనుగోలు, నీ ఇష్టం" అని మన జేబులోకి తోసేస్తుంది. మనమూ కొనేసి, మన బాధ్యత తీరిపోయిందనుకుంటాం. అడగాల్సిన లేబుల్ అడగం, రావాల్సిన చట్టం అడగం. తిలాపాపం తలా పిడికెడు.

ఇక రాబోయే అభ్యంతరాలకి ముందే జవాబులు చెప్పేస్తాను.

"మా అమ్మమ్మ ఎనభై ఏళ్ళు బతికింది, కలరా ఉండల చీరలే కట్టింది, ఏం కాలేదే?" నాయనా, ఇది "నా మెషీన్‌లో పనిచేస్తోంది" అనే డెవలపరు జవాబు. ఆ మాట టెస్టింగు వాళ్ళ దగ్గర అంటే ఏమవుతుందో నీకు తెలుసు. మీ అమ్మమ్మకి ఆ ఎంజైము ఉంది. పురిట్లోనే పసికర్లొచ్చి పోయిన పిల్లల గురించి మాత్రం మీ అమ్మమ్మే చెప్పాలి. వాళ్ళు వచ్చి చెప్పలేరు కదా.

"అన్నిటికీ భయపడితే బతకడం ఎలా?" భయపడమని నేను చెప్పట్లేదు. వరస పెట్టుకోమంటున్నాను. బగ్గులన్నీ ఒకే సివియారిటీ కావు. షాంపూలో సల్ఫేటు మీద మూడు గంటలు వాదించి, మంచం కింద కాయిల్ వెలిగించడమంటే, బటన్ రంగు బాగోలేదని పీ-వన్ టికెట్ తెరిచి, డేటాబేస్ కాలిపోతుంటే పక్కన పెట్టడం.

"మరి దోమలు కుడితే డెంగీ రాదా?" వస్తుంది. దోమని వదిలెయ్యమని ఎవరన్నారు? పొగ లేకుండా ఆపమంటున్నాను. దోమతెర అనే అద్భుతమైన టెక్నాలజీ ఒకటుంది, కరెంటు అక్కర్లేదు, సబ్‌స్క్రిప్షన్ లేదు :)

నేను నా మటుకు చేసినవి ఇవి. పెద్ద ఖర్చేమీ కాలేదు, ఆ గోనెసంచి హాంపరు కన్నా తక్కువే.

1. కలరా ఉండలు రెండిళ్ళల్లోనూ ఎత్తేశాం, బీరువాలోంచీ, సింకులోంచీ. బట్టల పురుగు తినేది ఉన్నినీ, పట్టునీ. మామూలు నూలు చీరకి అసలు ఆ ఉండలే అనవసరం. గంజి పెట్టినవైతే సిల్వర్ ఫిష్ కొడుతుంది, గంజి వదలగొట్టి దాచుకుంటే సరి. పట్టుచీరలు శుభ్రంచేసి, బాగా ఆరబెట్టి, గాలి చొరని జిప్ కవర్లలో పెట్టాం. పాత పెట్టెలోంచి తీసిన ఏ గుడ్డయినా ఉతికి, రోజుల తరబడి గాలికి ఆరేశాకే వాడతాం. పసిపిల్లలకైతే అసలు వాడం.

2. కిటికీలకి మెష్ కొట్టించాం, మంచానికి దోమతెర. కూలర్లో, పూలకుండీల కింద పళ్ళేల్లో నీళ్ళు వారానికోసారి పారబోస్తాం.

3. యాసిడ్ మానేశాం. బ్లీచింగ్ వాడిన రోజు ఇంకేదీ వాడం. రబ్బరు తొడుగులు కొన్నాను, ఎగ్జాస్ట్ ఫ్యాను బాగుచేయించాను. రెండు సీసాలు కలిపితే ఏమవుతుందో ఆవిడకి కూర్చోబెట్టి చెప్పాను, సారీ కూడా చెప్పాను. ఆవిడ వెళ్ళి మిగతా నాలుగిళ్ళల్లో చెప్పింది. నా ప్రెజెంటేషన్లలో ఇంత ఉపయోగపడింది ఇంకొకటి లేదు.

4. పిల్లాడికి కాటుక, కుంకుమ బంద్. దిష్టి సంగతి అమ్మ ఉప్పుతో చూసుకుంటోంది, నాకేమీ అభ్యంతరం లేదు.

5. మీ ఇంట్లో ఎవరైనా కడుపుతో ఉంటే డాక్టర్ని జీ6పీడీ పరీక్ష గురించి అడగండి. పిల్లాడు పుట్టాక పచ్చబడితే "ఎండలో చూపిస్తే పోతుందిలే" అని కూర్చోకండి, ఆ పూటే తీసుకెళ్ళండి.

చివరగా ఒక మాట. ఈ లోపం ఎక్స్ క్రోమోజోము మీద ఉంటుంది. మగపిల్లాడికి తల్లి నుంచే వస్తుంది. మా అక్కకి ఎక్కడి నుంచి వచ్చిందో తేలాలంటే నాకూ పరీక్ష చెయ్యాలన్నారు. చేయించుకున్నాను. నాకూ ఉంది. అంటే మా అమ్మ నుంచి వచ్చింది. నేను పుట్టిన వారానికి నాకూ పసికర్లొచ్చాయట, ఏదో పసరు పోయించారట, అదృష్టం బాగుండి బతికానట. ఇన్నాళ్ళూ అది మా ఇంట్లో నవ్వుకుంటూ చెప్పుకునే కథ.

ఆ రిపోర్టు చూసి అమ్మ రెండు రోజులు అన్నం తినలేదు. "గుడ్డా నేనే కట్టాను, జబ్బూ నేనే ఇచ్చాను" అని ఒకటే ఏడుపు. "అమ్మా, నువ్వు ఇచ్చింది ఒక జన్యువు, అందులో నీ తప్పేముంది. ఆ ప్యాకెట్టు మీద ఒక్క వాక్యం తెలుగులో ఉంటే నువ్వు చదివేదానివి, చదివితే వేసేదానివి కాదు" అన్నాను. పేపర్లో జిల్లా ఎడిషన్ సహా అక్షరం వదలకుండా చదివే మనిషి ఆవిడ.

ఆ ఒక్క వాక్యం కోసమే నా గొడవంతా. "పసిపిల్లల బట్టల్లో వెయ్యకండి". మూడు తెలుగు మాటలు. పదహారో అంతస్తులో ఉండేవాళ్ళకి అక్కర్లేకపోవచ్చు, గూగుల్ చేసుకుంటారు. తెనాలిలో అటక కింద నిలబడి, మనవడి కోసం తన తల్లి చీర చింపే ఆవిడకి కావాలి. వినియోగదారుల ఫోరం, మంత్రిత్వ శాఖ, ఆ కంపెనీ, ముగ్గురికీ ఉత్తరాలు రాశాను. ఇంతవరకూ ఒక్క జవాబూ రాలేదు. మళ్ళీ రాస్తాను. మీలో పదిమంది రాస్తే పది ఉత్తరాలవుతాయి.

పిల్లాడికి ఇప్పుడు పద్నాలుగు నెలలు. చెవుల పరీక్ష రెండుసార్లు చేశారు, రెండుసార్లూ బాగానే ఉందన్నారు. అయినా ఊరెళ్ళినప్పుడల్లా నేను వాడి వెనక నించుని మెల్లగా పిలుస్తాను. తిరిగి చూస్తాడు. ప్రతిసారీ తిరిగి చూస్తాడు.

అన్నట్టు, ఆ గృహప్రవేశం ఇంట్లో ఏమైందో చెప్పలేదు కదూ. ఆ నాలుగు ఉండలూ టిష్యూ కాయితంలో చుట్టి, బయట చెత్తడబ్బాలో వేసొచ్చాను. ఆయన అది చూసి, "ఏంటి బాస్, నీకు మరీ చాదస్తం" అన్నాడు. ఆయన భార్యకి ఆరో నెల.

సోమవారం లంచ్‌లో ఆయన పక్కన కూర్చుని ఈ కథంతా చెప్పాను. అరగంట దాకా ఏమీ మాట్లాడలేదు. సాయంత్రం వాట్సాప్‌లో ఒక ఫొటో వచ్చింది. శుభ్రంగా తుడిచి, తలుపులు బార్లా తెరిచిన ఖాళీ బీరువా.